కారు కిందికి దూరే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత కార్లను ఇంట్లోనే బాగుచేసుకుంటున్న పాఠకులు ఈసారి రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కింద పని చేయాలంటే కారుని దేని మీద నిలపాలి, ఎలా నిలపాలి? ప్రాణంతో ముడిపడిన సంగతి కాబట్టి ఇంజిన్, రంగు, వైరింగ్ ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం.

ప్రశ్న: నా దగ్గర 1,100 కిలోల పాత సెడాన్ ఉంది. కింద తుప్పు గీకి, బ్రేకు పైపులు మార్చి, రంగు వేయాలి. రెండు మూడు నెలల పని. 2 టన్నుల ట్రాలీ జాకీ ఉంది. అది కారు బరువుకి దాదాపు రెట్టింపు కదా, జాకీ మీదే ఉంచి, ధైర్యానికి పక్కన ఇటుకలు పేర్చుకుంటే సరిపోదా?

సరిపోదు. జాకీ ఉన్నది ఎత్తడానికి. 2 టన్నులు అన్న అంకె అది ఎంత బరువు లేపగలదో చెబుతుంది కానీ, ఎంతసేపు పట్టి ఉంచగలదో చెప్పదు. లోపల మీ కారుని ఆపుతున్నది ఒక చిన్న రబ్బరు సీలు, దాని వెనక కాస్త నూనె. సీలు అరిగినా, రిలీజ్ వాల్వ్ కూర్చునే చోట నలుసు పడినా నూనె జారుతుంది. ఒక్కోసారి గంటల తరబడి కంటికి తెలియనంత నెమ్మదిగా దిగుతుంది, ఒక్కోసారి ఒక్క క్షణంలో. హ్యాండిల్‌ని మెలితిప్పి దించే జాకీ అయితే, పొరపాటున కాలు తగిలి అది తిరిగినా చాలు.

ఇటుకల సంగతి ఇంకా చెడ్డది. బరువు మితిమీరితే ఇనుము వంగుతుంది, కర్ర నలుగుతూ చప్పుడు చేస్తుంది. అంటే తప్పుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తాయి. ఇటుక, సిమెంటు దిమ్మ పెళుసువి. ఏ సూచనా లేకుండా పగిలిపోతాయి. బోలు దిమ్మలు మరీను. మధ్యలో చెక్క పెట్టినా ఆ గుణం మారదు.

ఇక అసలు మాట. కారు పడిపోవడానికి చాలాసార్లు కారణం బరువు కాదు, కదలిక. మీ కారు నాలుగు స్టాండ్ల (ఎత్తిన కారుని మోయడానికి కింద పెట్టే ఇనుప ఆధారాల) మీద ఉంటే ఒక్కోదాని మీద పడేది 250 నుంచి 350 కిలోలు. మంచి స్టాండుకి అది లెక్కలోది కాదు. కానీ కారు ముందుకో వెనక్కో అంగుళం దొర్లినా, మీరు బిగుసుకున్న బోల్టుని పక్కకి గుంజినా స్టాండు ఒరుగుతుంది. ఈ జవాబులో చెప్పేవన్నీ ఆ కదలికను ఆపడానికే.

స్టాండ్లు 3 టన్నులవి నాలుగు తీసుకోండి. బరువు కోసం కాదు, పెద్ద స్టాండ్లకి అడుగు వెడల్పుగా ఉంటుందని. రాసి ఉన్న సామర్థ్యం ఒక్కదానిదా, జతదా అన్నది చీటీ మీద చూడండి. చాలా కంపెనీలు జతకే రాస్తాయి. నేల చదునైన కాంక్రీట్ అయి ఉండాలి, మందం కనీసం 100 మిల్లీమీటర్లు. తారు నేల ఎండకి మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. తప్పనిసరైతే ఒక్కో స్టాండు కింద 18–20 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకని, స్టాండు అడుగు కంటే అన్ని వైపులా నాలుగు వేళ్లు ఎక్కువ ఉండేలా కోసి వేయండి. మట్టి నేల మీద ఈ పని పెట్టుకోకండి. ఒక రాత్రి వాన చాలు, ఒక కాలు మాత్రమే కుంగి కారు ఒరగడానికి.

ఎత్తే క్రమం ఇది. చక్రాల నట్లు, హబ్ నట్లు కారు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయండి. ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టండి. వెనుక ఆక్సిల్ మధ్యన, పోత ఇనుముతో చేసిన డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్లు) పెట్టె కింద జాకీ పెట్టి 150–200 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తండి. వెనుక ఉన్నది పలుచని రేకు మూత అయితే దాని మీద జాకీ ఆనకూడదు. స్టాండ్లు పెట్టి, నెమ్మదిగా వాటి మీదికి దించండి. తర్వాత ముందు భాగాన్ని క్రాస్‌మెంబర్ (కారుకి అడ్డంగా ఉండే గట్టి ఇనుప దూలం) దగ్గర ఎత్తి మిగతా రెండు స్టాండ్లు పెట్టండి. ఇంకా ఎత్తు కావాలంటే మళ్లీ వెనుక నుంచి మొదలుపెట్టి మరో మెట్టు పైకి. ఒక కొసని ఒకేసారి పూర్తి ఎత్తుకి లేపితే కారు వాలుగా నిలుస్తుంది. రెండో కొసని ఎత్తేటప్పుడు మొదటి స్టాండ్ల తలల మీద అది తిరుగుతూ జారుతుంది. మెట్టు చిన్నదైతే ఆ జారుడూ చిన్నదే.

నాలుగు చక్రాలూ గాల్లోకి లేచాక అడ్డుదిమ్మలకి, హ్యాండ్ బ్రేకుకి పని లేదు. కారుని పట్టుకున్నది నాలుగు స్టాండ్ల తలల దగ్గరి రాపిడి ఒక్కటే. అందుకే ప్రతి స్టాండు కాళ్ల కింద ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. ఏ కాలి కిందకైనా దూరిందంటే ఆ స్టాండు సరిగ్గా కూర్చోలేదు. అన్నీ సరిపోయాక బయట నిలబడి ముందు ఫెండర్‌ని నడుముతో బలంగా తొయ్యండి. తర్వాత వెనుక నుంచి, రెండు పక్కల నుంచి. కింద ఏ బోల్టుని ఎంత బలంతో గుంజబోతున్నారో అంత బలంతో తొయ్యాలి. పడేదైతే మీరు కింద లేనప్పుడే పడనివ్వండి.

విప్పిన చక్రాలను రెండేసి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి సిల్‌ల (తలుపుల కింద కారు పొడవునా ఉండే రేకు పెట్టెల) కింద తోయండి. జాకీని కూడా క్రాస్‌మెంబర్‌కి తగిలీ తగలనట్టు పైకి తెచ్చి అక్కడే వదలండి. స్టాండు మోసగించినా మనిషి మందం ఖాళీ మిగలాలి. ఎత్తు విషయంలో ఆశ వద్దు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని చేసే పనికి నేల నుంచి సిల్ దాకా 450–500 మిల్లీమీటర్లు చాలు.

ప్రశ్న: వెనుక చక్రాలతో నడిచే కారు. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో పెట్టి వెనుక ఒక పక్క జాకీ వేశాను. చక్రం లేవగానే కారు ముందుకి కదిలి జాకీ వాలిపోయింది. గేరులో ఉన్న కారు ఎలా కదిలింది?

గేరు పట్టు చక్రాలకి చేరేది డిఫరెన్షియల్ ద్వారా. రెండు వెనుక చక్రాలూ నేల మీద ఉన్నంతవరకే ఆ పట్టు ఉంటుంది. ఒకటి గాల్లోకి లేస్తే అది ఒకవైపు, నేల మీదిది రెండోవైపు స్వేచ్ఛగా తిరగగలవు, ఇంజిన్ కదలకుండా ఉన్నా సరే. కాబట్టి ఒక చక్రం లేచిన మరుక్షణం గేరు ఉన్నా లేనట్టే. ఆటోమేటిక్ కారులో పార్క్ స్థానం కూడా ఇంతే.

ఇక మిగిలింది హ్యాండ్ బ్రేకు. అది వెనుక రెండు చక్రాల మీదా విడివిడిగా పనిచేసే రకమైతే నేల మీద ఉన్న చక్రమైనా ఆగి ఉండాలి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన కారులో తీగ సాగి ఉంటుంది, ఆక్సిల్ సీలు కారి బ్రేకు షూలకి నూనె పట్టి ఉంటుంది. లివర్ పైకి వచ్చినంత మాత్రాన బ్రేకు పడినట్టు కాదు. పాత ల్యాండ్ రోవర్ లాంటి వాటిలో హ్యాండ్ బ్రేకు గేర్‌బాక్స్ వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉంటుంది. దానికీ డిఫరెన్షియల్ మెలికే వర్తిస్తుంది, ఒక చక్రం లేస్తే బ్రేకు పోయినట్టే.

మూడో కారణం జాకీయే. ట్రాలీ జాకీ తల నిట్టనిలువుగా లేవదు, చేయి ఒక వంపులో తిరుగుతూ పైకి వస్తుంది కాబట్టి కొన్ని అంగుళాలు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఆ జరుగుడుకి జాకీ చక్రాలు నేల మీద దొర్లాలి. గరుకు గచ్చు మీద, పగుళ్లలో ఇరుక్కుని అవి దొర్లకపోతే జాకీ కారునే లాగుతుంది. మీ విషయంలో జరిగింది బహుశా ఇదీ, పైదీ కలిసే. జాకీ కింద నున్నని ఇనుప రేకు వేసుకోండి, ఎత్తుతున్నంతసేపూ జాకీ కదులుతోందో లేదో చూస్తూ ఉండండి.

అడ్డుదిమ్మ కూడా లెక్కగా ఉండాలి. 600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చక్రానికి దిమ్మ ఎత్తు సుమారు 150 ఉంటే చక్రం దాన్ని ఎక్కిపోలేదు. గుప్పెడు రాయి, విరిగిన పలక దిమ్మ కింద లెక్క కాదు. ముందు చక్రాలతో నడిచే కారులో ముందు భాగం ఎత్తుతుంటే గేరు పనికిరాదు, హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలని పట్టుకుంటుంది. వెనుక ఎత్తుతుంటే హ్యాండ్ బ్రేకు పనికిరాదు, గేరు ముందు చక్రాలని పట్టుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ దిమ్మలు తప్పవు.

ప్రశ్న: ర్యాచెట్ స్టాండా, పిన్ను స్టాండా? పాతవి కొనవచ్చా?

నెలల తరబడి కారుని నిలపాలంటే మా ఓటు పిన్ను రకానికే. మందపాటి ఉక్కు పిన్ను రెండు గోడల గుండా ఇటు నుంచి అటు దూరి ఉంటుంది, అది తెగాలి తప్ప స్టాండు దిగదు. ర్యాచెట్‌లో, అంటే పళ్ల కడ్డీని కొక్కెం పట్టి ఆపే రకంలో, బరువంతా ఒక చిన్న కొక్కెం, దాని కింద ఒకే ఒక్క పన్ను మీద ఉంటుంది. కొక్కెం పంటిలో పూర్తిగా కూర్చోకుండా అంచు మీద ఆగినా బయటికి మామూలుగానే కనిపిస్తుంది. 2020లో అమెరికాలో 3 టన్నుల, 6 టన్నుల ర్యాచెట్ స్టాండ్లు లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించాల్సి వచ్చింది కూడా ఇందుకే. బరువు మీద ఉండగా కదిలితే కొక్కెం ఊడి స్టాండు ఒక్కసారిగా దిగిపోయే లోపం వాటిలో బయటపడింది.

ఉన్నవి ర్యాచెట్ స్టాండ్లే అయితే బరువు వేశాక లివర్‌ని కిందికి గట్టిగా నొక్కి చూడండి. అడ్డంగా దూరే రక్షణ పిన్ను ఉన్న రకమైతే అది పెట్టకుండా కిందికి వెళ్లకండి. పాతవి కొనేటప్పుడు కాళ్ల అతుకుల దగ్గర వెల్డింగ్ మీద వెంట్రుకలాంటి పగులు ఉందేమో, కొత్త రంగు పూసి దాన్ని కప్పారేమో చూడండి. కాళ్లన్నీ నేలకి ఆనకుండా ఊగే స్టాండుని సుత్తితో సరిచేయవద్దు, పారేయండి. అసలు పిన్ను పోయిందని బోల్టు దూర్చిన స్టాండుదీ అదే దారి.

ప్రశ్న: నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో జాకీ పెట్టే గొట్టాలు తుప్పు పట్టి ఊడిపోయాయి. సిల్‌లు కూడా అనుమానమే. స్టాండ్లు ఎక్కడ పెట్టాలి?

పునరుద్ధరణకి వచ్చే కార్లన్నిటికీ ఉన్న చిక్కు ఇది. పుస్తకం చూపే చోటే అన్నిటికంటే ముందు కుళ్లిపోయి ఉంటుంది. సిల్ బయట రంగు మెరుస్తున్నా లోపల నీరు నిలిచి, రేకు కాగితమై ఉండొచ్చు. పెద్ద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి, చిన్న సుత్తితో తడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లినది చప్పగా పలుకుతుంది. మొన దిగినా, నల్లటి పూత పెచ్చుగా లేచినా ఆ చోటు బరువుకి పనికిరాదు. కొన్నిసార్లు కింది పూత ఒక్కటే ఆ ఆకారాన్ని నిలబెట్టి ఉంటుంది.

బీటిల్‌లో సిల్‌ని మర్చిపోండి. ముందు భాగంలో అడ్డంగా ఉండే రెండు గొట్టాల ఆక్సిల్ బీమ్ ఉంది, అది మందం. స్టాండ్లను దాని కింద, ఎడమకీ కుడికీ వీలైనంత దూరంగా పెట్టండి. బీమ్‌ని కూడా పొడిచి చూశాకే సుమా, కింది గొట్టం తుప్పు పట్టిన కార్లు లేకపోలేదు. వెనుక అడ్డంగా ఉండే టార్షన్ ట్యూబ్ (స్ప్రింగులా మెలితిరిగే కడ్డీలు లోపల ఉండే గొట్టం) చివర్లు మంచి ఆధారం. గేర్‌బాక్స్ కింద గానీ, పలుచని ఫ్లోర్ పాన్ కింద గానీ స్టాండు ఆనకూడదు. స్వింగ్ ఆక్సిల్ ఉన్న బీటిల్‌ని వెనుక ఎత్తగానే చక్రాలు కాళ్లు ముడుచుకున్నట్టు లోపలికి వంగుతాయి. అది లోపం కాదు. కానీ దించేటప్పుడు అవి టైరు అంచు మీద నేలని తాకుతాయి, కారుని పక్కకి కొద్దిగా నెడతాయి. జాకీ చక్రాలు దొర్లే వీలుంచి నెమ్మదిగా దించండి.

మిగతా కార్లకి సూత్రం ఒకటే: స్ప్రింగు గానీ సస్పెన్షన్ చేయి గానీ బిగించిన చోటు వెతకండి. రోడ్డు మీద గుంతల దెబ్బలన్నీ తిన్న చోటు అది, అక్కడ ఇనుము మందంగా ఉంటుంది. వెనుక గట్టి ఆక్సిల్ ఉంటే దాని గొట్టం కింద, కమాను కట్టలు కూర్చునే చోటుకి ఆనుకుని స్టాండు పెట్టవచ్చు, ఆ ఆక్సిల్‌నే విప్పే పని లేకపోతే. ఆయిల్ సంప్, స్టీరింగ్ రాడ్లు, పెట్రోల్ ట్యాంకు ఎప్పుడూ వద్దు.

ఇనుము మీద ఇనుము జారుతుంది. స్టాండు తలకీ కారుకీ మధ్య దళసరి రబ్బరు ముక్క పెట్టండి. జాకీ తల మీద చెక్క వాడితే గట్టి కర్ర తీసుకుని, నారలు అడ్డంగా ఉండేలా పెట్టండి. నారలు నిలువుగా ఉంటే బరువుకి రెండుగా చీలుతుంది.

ప్రశ్న: చక్రాలు ఎక్కించే ర్యాంపులు ఉన్నాయి. స్టాండ్ల కంటే అవే సురక్షితం అంటున్నారు.

ఉన్న చోటికి సురక్షితమే. బరువు చక్రాల మీద, చక్రాలు వెడల్పాటి తొట్టిలో. ఆయిల్ మార్చడానికి, సైలెన్సర్ చూడటానికి స్టాండ్ల కంటే నిలకడ. కానీ చక్రాలు విప్పలేరు కాబట్టి బ్రేకులు, సస్పెన్షన్, వీల్ ఆర్చ్‌ల పని సాగదు. ఎక్కించేటప్పుడు నున్నని గచ్చు మీద ర్యాంపు ముందుకి జారడం, చివరన ఆగకుండా దూకేయడం, ఈ రెండే ప్రమాదాలు. ర్యాంపు కింద పొడవాటి రబ్బరు చాప వేసి దాని కొస మీదికి చక్రం ముందే ఎక్కేలా చేస్తే జారదు. ఎక్కిన తర్వాత నేల మీదున్న చక్రాలకి దిమ్మలు.

ర్యాంపుల కంటే మంచిది ఒకటి ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 మిల్లీమీటర్ల చదరపు కర్రలను 500–600 పొడవున కోసి, గుడిసె గోడలా రెండు ఇటు, రెండు అటు పేర్చడం. చివర్లు 100 మిల్లీమీటర్ల చొప్పున బయటికి ఉండాలి, లేకపోతే కొసలు చీలుతాయి. పేర్పు ఎత్తు దాని అడుగు భాగం వెడల్పుని మించవద్దు. ఇలాంటి నాలుగు గూళ్లు చక్రాల కింద ఉంటే కారు తన కాళ్ల మీద తానే నిలిచినట్టు, ఎంత గుంజినా ఊగదు. తుప్పు గీకడం, పూత పూయడం లాంటి నెలల పనికి మాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: స్టాండ్ల మీద ఉన్న కారు నుంచి గేర్‌బాక్స్, తర్వాత వెనుక ఆక్సిల్ దించాలి. ముందుగా ఏం ఆలోచించుకోవాలి?

బరువు ఎటు మారుతుందో ఆలోచించాలి. సిల్‌ల కింద, కారు మధ్యకి దగ్గరగా నాలుగు స్టాండ్లు పెట్టి ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ తీస్తే ముందు నుంచి 150–200 కిలోలు పోయినట్టు. వెనుక స్టాండ్ల అవతల ఆక్సిల్, నిండు ట్యాంకు, డిక్కీలో విప్పిపెట్టిన సామాను ఉంటే కారు తోక బరువై ముందు స్టాండ్ల మీద నుంచి లేస్తుంది. వెనుక ఆక్సిల్ తీసి ఇంజిన్ ఉంచితే ఇదే తిరగబడి జరుగుతుంది. కాబట్టి స్టాండ్లను వీలైనంత రెండు కొసలకీ జరపండి, డిక్కీ ఖాళీ చేయండి, ట్యాంకు ముందే దించండి. ప్రతి పెద్ద భాగం దించాక బయటికి వచ్చి మళ్లీ తోసి చూడండి. ఈ పరీక్ష కారు ఎత్తిన రోజు ఒక్కసారి చేసేది కాదు.

గేర్‌బాక్స్ 35–50 కిలోలు ఉంటుంది. గుండెల మీద మోద్దామనుకోకండి. ట్రాలీ జాకీ తల మీద వెడల్పాటి పలక బిగించి, దానికి పట్టీతో కట్టి దించండి. ఇక్కడ చాలామంది ఇరుక్కునేది ఎత్తు దగ్గర. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు ఉండే గంటలాంటి వెడల్పు భాగం) 350–400 మిల్లీమీటర్లు, కిందికి దించిన జాకీ మరో 130–150. రెండూ కలిపితే సిల్ కింద నుంచి బయటికి రాదు. కారుని ఇంకా ఎత్తే బదులు గేర్‌బాక్స్‌ని జాకీ మీద నుంచి నేల మీద పరిచిన మందపాటి గోనె మీదికి దొర్లించి, గోనెతో సహా లాగేయండి.

ఆక్సిల్ విప్పేటప్పుడు దాని బరువుకి విడిగా రెండో జాకీ ఉండాలి. కమాను కట్టలు, కాయిల్ స్ప్రింగులు కారు గాల్లో వేలాడుతున్నప్పుడు కూడా కొంత బిగువు మీదే ఉంటాయి. షాక్ అబ్జార్బర్ ఒక్కటే కింది చేతిని ఆపుతున్న డిజైన్‌లో షాకర్ బోల్టు తీసిన క్షణం స్ప్రింగు ఎగిరి వస్తుంది. కింది చేతి కింద జాకీ పెట్టి కాస్త పైకి నెట్టాకే ఆ బోల్టు ముట్టుకోండి.

బిగుసుకున్న బోల్టులకి మీటరు పొడవు రాడ్డు వేసి 40 కిలోల బలంతో లాగితే అది దాదాపు 400 న్యూటన్ మీటర్లు. ఆ బలమంతా కారుని స్టాండ్ల మీద నుంచి నెట్టడానికి కూడా పనిచేస్తుంది. రాడ్డుని ఎప్పుడూ పైకీ కిందికీ లాగేలా అమర్చుకోండి, అడ్డంగా కాదు. అంతకంటే ముందు నాలుగు రోజులు తుప్పు వదిలించే నూనె పట్టించండి. వాటిలో సగం నెమ్మదిగానే లొంగుతాయి.

ప్రశ్న: సిట్రోయెన్ డీఎస్ తీసుకున్నాను. ఇది తనంతట తానే పైకి లేస్తుంది కదా, ఎత్తైన స్థానంలో పెట్టి కింద చూసుకోవచ్చా?

వద్దు. 1955లో వచ్చిన ఈ కారు నిలబడేది ఒత్తిడిలో ఉన్న ద్రవం, వాయువు మీద. ఇంజిన్ ఆగాక ఆ ఒత్తిడి మెల్లగా తగ్గుతుంది, కారు నేలకి దిగుతుంది. ఒక గొట్టం తెగినా, మీరు తెలియక గొట్టాలను కలిపే ఒక యూనియన్ వదులు చేసినా దిగడం మెల్లగా ఉండదు. ఎత్తైన స్థానాన్ని స్టాండ్లు దూర్చడానికి మాత్రమే వాడుకోండి. స్టాండ్లు పెట్టి, వ్యవస్థ ఒత్తిడి పూర్తిగా వదిలి, బరువంతా వాటి మీద పడ్డాకే కిందికి వెళ్లండి. గాలి సంచుల సస్పెన్షన్ ఉన్న కార్లన్నిటికీ ఇదే నియమం.

ప్రశ్న: షెడ్డులో గొయ్యి తవ్వించుకుంటే నిలబడి హాయిగా పని చేయవచ్చు కదా?

నడుముకి హాయే, ఊపిరికి కాదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారు కింద ఒక్క చుక్క కారుతున్నా ఆ ఆవిరి గొయ్యిలోకే దిగి, అక్కడే మడుగు కడుతుంది. మామూలు దీపం స్విచ్చి నిప్పురవ్వ దానికి చాలు. ఎల్పీజీ కూడా కిందికే దిగుతుంది. పైన ఇంజిన్ నడుపుతుంటే పొగ గొయ్యిలోకి వచ్చి నిలుస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, తల తిరిగేసరికే మెట్లు ఎక్కే శక్తి పోతుంది. అడుగు నుంచి గాలిని బయటికి లాగే ఏర్పాటు, పేలుడు పుట్టించని దీపాలు, రెండు కొసలా బయటికి వచ్చే దారి, తడి రాని గోడలు లేకుండా గొయ్యి తవ్వించవద్దు. మనిషి లోతు తవ్వి కాంక్రీట్ గోడ కట్టకుండా వదిలేస్తే మట్టి కూలడం మరో ప్రమాదం. ఇంత ఖర్చు పెట్టేవారు రెండు స్తంభాల లిఫ్టు గురించి ఆలోచించడం మేలు. దానికైనా గచ్చు మందం, గట్టిదనం తయారీదారు చెప్పిన కొలతకి తగ్గకూడదు, కారుని ఎత్తాక ఇనుప లాక్ మీదికి దించాకే కింద నిలబడాలి.

ప్రశ్న: ఇంజిన్, ఆక్సిల్, సీట్లు, అద్దాలు అన్నీ తీసేశాను. ఒట్టి బాడీని పక్కకి తిప్పి కింద వెల్డింగ్ చేసుకోవచ్చా?

ఈ దశలో అదే సరైన దారి. తల మీద వెల్డింగ్ చేయడం కంటే ఛాతీ ఎత్తులో చేయడం మంచి అతుకునిస్తుంది, నిప్పు మీ మెడలో పడదు. ఒట్టి బాడీ చిన్న కార్లలో 250–350 కిలోలే. ముందూ వెనకా బంపర్ బిగించే చోట్లకి అతికి, మాంసం కాల్చే ఊచలా తిప్పే స్టాండు దీనికోసమే ఉంది. తిరిగే ఇరుసు బాడీ బరువు కేంద్రానికి సరిపోవాలి. ఇరుసు మరీ కిందుంటే వదలగానే బాడీ గిర్రున తలకిందులవుతుంది. ఒక చేత్తో తిప్పగలిగి, వదిలిన చోటే ఆగే దాకా ఇరుసు ఎత్తు సర్దండి. సర్దాక ప్రతి కోణంలోనూ లాకింగ్ పిన్ను వేయాలి.

తిప్పే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా చదరపు గొట్టాలు తాత్కాలికంగా బిగించండి. సిల్ కోసేశాక బాడీ మధ్యలో కుంగితే మళ్లీ తలుపులు పడవు. పైకప్పు లేని కార్లలో ఈ అడ్డగొట్టాలు లేకుండా సిల్ మీద రంపం పెట్టడమే తప్పు.

ఇంజిన్‌తో సహా కారుని పక్కకి ఒరగబెట్టే పరికరాలూ ఉన్నాయి. వాటికి ముందు బ్యాటరీ, పెట్రోల్, నీళ్లు, ఆయిల్, బ్రేకు ద్రవం తీసేయాలి. మిగిలిన ఆయిల్ సిలిండర్లలోకి దిగి ఉండొచ్చు, తర్వాత ఇంజిన్ తిప్పేటప్పుడు ప్లగ్గులు తీసి చేత్తో తిప్పి చూడండి.

ప్రశ్న: పాత నల్ల పూత వేడి చేసి గీకుతుంటే పొగ, కంట్లో తుప్పు. వెల్డింగ్ కూడా చేయాలి. జాగ్రత్తలు?

పడుకుని పైకి చూస్తూ పని చేసేవాడికి మామూలు కళ్లద్దాలు చాలవు, పక్కల నుంచి పెచ్చులు దూరతాయి. ముఖానికి అతుక్కునే గాగుల్స్ పెట్టుకోండి. గ్రైండర్ తీగ బ్రష్షు నుంచి తీగలు సూదుల్లా ఎగురుతాయి, ముఖానికి షీల్డ్ కూడా కావాలి. పాత కార్ల బ్రేకు లైనింగుల్లో, కొన్ని అడుగు పూతల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి గాలి ఊది దుమ్ము లేపవద్దు, తడిపి తుడవండి. నల్ల పూతని వేడి గాలితో మెత్తబడే దాకా మాత్రమే వేడి చేసి గరిటెతో తీయండి. మంట పెడితే అదే అంటుకుంటుంది.

వెల్డింగ్‌కి ముందు ట్యాంకు, పెట్రోల్ గొట్టాలు కారు నుంచి పూర్తిగా బయటికి వెళ్లాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపలున్నది ఆవిరి కాబట్టి. దాని మీద వెల్డింగ్ ఇంట్లో చేసే పని కాదు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, డబ్బా మీద పదార్థాల పేర్లు చదవండి. సిల్‌ల లోపల నింపిన నురగ అంటుకుంటే ఆపడం కష్టం, ముందే గీకి తీయండి. కార్పెట్లు తీయకుండా ఫ్లోర్ వెల్డ్ చేస్తే మీరు కింద ఉండగా మంట పైన మొదలవుతుంది. బ్యాటరీ విప్పి ఉంచండి. కింద వాడే దీపం తక్కువ వోల్టేజీ ఎల్‌ఈడీ అయి ఉండాలి. పెట్రోల్ చుక్క పడి వేడి గాజు బల్బు పగలడం పాత షెడ్లలో మంటలకి తెలిసిన కారణమే.

ప్రశ్న: నేను ఒంటరిగానే పని చేస్తాను. ఏదైనా జరిగితే?

కారు కింద ఉన్నంతసేపు ఇంట్లో ఎవరికైనా చెప్పి, అరగంటకోసారి పలకరించమనండి. ఛాతీ మీద బరువు పడిన మనిషి అరవలేడు, ఊపిరి పీల్చలేడు, ఉన్నవి కొద్ది నిమిషాలే. అప్పుడు వచ్చిన వాళ్లు కాళ్లు పట్టి లాగడం కాదు, కారుని పైకి లేపాలి. ఆ జాకీ ఎక్కడ పెట్టాలో, హ్యాండిల్ ఎటు తిప్పితే లేస్తుందో, ఎటు తిప్పితే దిగుతుందో వాళ్లకి ముందే ఒకసారి చేయించి చూపండి. లేపాక దిమ్మలు తోసి నిలిపి, ఆ తర్వాతే మనిషిని బయటికి తీయాలి. ఈలోపు అంబులెన్స్‌కి ఫోన్ వెళ్లిపోవాలి.

క్రాస్‌మెంబర్ కింద ఆనించి వదిలిన జాకీ కాక, ఇందుకోసం ఇంకొకటి ఉంచుకోండి. కారు పడితే మొదటిది దాని కిందే ఉంటుంది. రెండోదాన్ని కారు పక్కన, హ్యాండిల్ బయటి వైపు ఉండేలా, వాల్వ్ బిగించి ఉంచండి. మీరు బయటికి వచ్చేదాకా దాన్ని ఎవరూ మరో పనికి తీసుకెళ్లకూడదు.